స్కాహిల్ వాళ్ల సమాధిలో ఒకే చోటు

మా వదిన అట్రాక్టా నోట్లో నువ్వుగింజ నానదు. ఈ మాట ఆమె వెనకాల అంటున్నది కాదు, ముప్ఫై ఏళ్లుగా మొహం మీదే అంటున్నాను. డ్రమ్‌కీల్‌లో జుట్టు కత్తిరించే దుకాణం ఆమెది. కుర్చీలో కూర్చున్న మనిషి మెడకు గుడ్డ చుట్టి, తల వెనక్కి వంచి, నీళ్లు పోస్తూ మొదట అడిగే మాట, “మీ అమ్మమ్మది ఏ ఊరు?” కళ్లలోకి సబ్బు కారుతున్నవాళ్లు చెప్పక ఏం చేస్తారు. అలా ఊరు ఊరంతా తాతముత్తాతలతో సహా ఆమె చేతికిందికి వచ్చింది.

తాతల్ని వెతకడం ఆమెకు ఉద్యోగం కాదు, పిచ్చి. వేసవి రాగానే బోస్టన్ నుంచీ సిడ్నీ నుంచీ వచ్చినవాళ్లు పాత ఫొటో ఒకటి పట్టుకుని దుకాణం గుమ్మంలో నిలబడతారు. వాళ్లకు తెలిసింది పేరొక్కటే. పేరొక్కటే తెలిస్తే మా దగ్గర ఏమీ తెలియనట్టే, ఎందుకంటే ఇక్కడ ఏ గోడ మీది నుంచి పాట్రిక్ అని పిలిచినా నలుగురు పలుకుతారు. వదిన వాళ్లను చర్చికి లాక్కెళ్లి జ్ఞానస్నానాల పుస్తకం తీయిస్తుంది. ఆ తర్వాత రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి సర్కారు పుస్తకం తీయిస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి కోడిపుంజుల్లా కొట్లాడిస్తుంది. “ఇద్దరు సాక్షులూ అబద్ధాలకోరులే. కానీ ఇద్దరూ ఒకే అబద్ధం ఆడరు. అక్కడే దొరుకుతారు” అంటుంది.

ఆమె తప్పు చేయదని కాదు. ఒకసారి షికాగో ఆసామి ఒకడిని తీసుకెళ్లి వేరే కుటుంబానికి అంటగట్టింది. పాపం ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని వాళ్లందరికీ హోటల్లో విందు చేశాడు. అసలు చుట్టాలు రోడ్డుకు అవతలి పక్క ఇంట్లో కూర్చుని బంగాళాదుంపలు తింటున్నారు. సంగతి బయటపడ్డాక విందు తిన్నవాళ్లను ఏమైనా అంటే, “ఏదో ఒక తరంలో కలిసే ఉంటాంలే” అన్నారు. వదిన వారం రోజులు దుకాణం తీయలేదు. ఎనిమిదో రోజు తీసింది, మొదటి తల నీళ్లకింద పెట్టింది, అమ్మమ్మ ఊరు అడిగింది.

ఆమె భర్త, అంటే మా అన్న మార్టిన్, ఇదంతా చూసి కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని విసుక్కుంటాడు. ఆమె కారు వెనక్కి తీస్తూ ఫాదర్ గారి ప్రహరీని రెండుసార్లు కూల్చాక తాళాలు దాచేశాడు కూడా. అందుకని ఆమె తాతల వేటకు బండి నడపడం నా వంతు అయింది. నా పేరు బ్రీజ్. నాకు తాతలంటే ఆసక్తి లేదు. బతికున్నవాళ్లతోనే నాకు తీరదు.

అయినా ఫెస్టస్ స్కాహిల్ సంగతి వచ్చేసరికి నాకూ ఒళ్లు మండింది.

ఫెస్టస్‌కు అప్పటికి ఎనభై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు, ఓ కుక్క, రెండు ఆవులు, చర్చి వెనక చిన్న ఇల్లు. తల్లి కాన్పులోనే పోతే నాయనమ్మ హానర్ పెంచింది. ఆమె సముద్రపు ఒడ్డున పాత శ్మశానంలో భర్త కోల్మన్ పక్కన ఉంది. ఆ సమాధిలో ఇంకొక్క పెట్టెకే చోటు మిగిలింది. ఫెస్టస్‌కు జీవితంలో కోరికంటూ ఉన్నది ఒక్కటే, పోయాక నాయనమ్మ దగ్గర పడుకోవాలి. కానీ ఆ పాత శ్మశానంలో కొత్తవాళ్లను పెట్టరు. ఆ సమాధి కుటుంబంలో పుట్టినవాళ్లకే హక్కు, అందులోనూ పెద్దకొడుకు వైపువాళ్లకే ముందు.

ఇక్కడే మాలకీ స్కాహిల్ అడ్డం పడ్డాడు. మాలకీ ఫెస్టస్ చిన్నాన్న తేడీ కొడుకు. తేడీ, అతని భార్యా కూడా ఆ సమాధిలోనే ఉన్నారు. పొలం, పెద్ద ఇల్లు, ఊళ్లో గొంతు, అన్నీ ఆయనవే. ఫెస్టస్ తండ్రి బార్ట్లీ అసలు స్కాహిల్ బిడ్డే కాదనీ, హానర్ అతన్ని సంతలో ఎవరి దగ్గరో తెచ్చుకుందనీ మాలకీ వాదన. ఇది ఆయన కల్పించింది కాదు. హానర్ కొత్త కోడలిగా ఉన్నప్పుడు నెలల తరబడి ఊళ్లో కనబడలేదట. వేసవిలో తిరిగి వస్తే చంకలో పళ్లొస్తున్న పిల్లాడు. “ఏ సంతలో కొన్నావే వీణ్ని” అని ఆడవాళ్లు వేళాకోళం ఆడారు. ఆ వేళాకోళం ఇంకో పాతికేళ్లకు తండ్రి పోయాక పొలం పంచుకునే రోజున కత్తి అయి కూర్చుంది. పెద్దకొడుకు బార్ట్లీ బయటికి నడిచాడు. హానర్ కూడా పెద్ద ఇల్లు వదిలి అతనితో నడిచింది. వాడు నా కడుపున పుట్టినవాడే అని ఆమె చెబితే, పెంచిన ప్రేమ అలాగే చెబుతుందిలే అన్నారు. బార్ట్లీ పోయినప్పుడు తల్లి పక్కన పెట్టనివ్వలేదు. రోడ్డు పక్కన కొత్త శ్మశానంలో ఒక్కణ్నే పెట్టారు.

ఆ సంవత్సరం, తొంభై మూడులో, శ్మశానం కమిటీ వాళ్లు ప్రతి సమాధికీ హక్కుదారు ఎవరో నవంబరులోగా రాసేయాలని తీర్మానించారు. ఆధారం ఏమైనా ఉంటే తెమ్మన్నారు. మా ఊరి చర్చి పుస్తకంలో తేడీ ఉన్నాడు, అతని తర్వాతి వాళ్లంతా ఉన్నారు. పెద్దవాడు బార్ట్లీ లేడు. కోల్మన్, హానర్‌ల పెళ్లీ లేదు.

వదిన దీనికి ఏమీ బెదరలేదు. పెళ్లి ఆడపిల్ల ఊళ్లో జరుగుతుంది, మొదటి పురుడు పుట్టింట్లో పోస్తారు, బిడ్డకు అక్కడే జ్ఞానస్నానం చేయిస్తారు. మాకు ఇది తెలియనిదా. హానర్ పుట్టిల్లు దొరికితే బార్ట్లీ దొరికినట్టే. కానీ ఆ పుట్టిల్లు ఎక్కడో ఎవరికీ తెలియదు. ఆమె ఇంటిపేరు లవెల్. లవెల్ వాళ్లంతా తూర్పున కొండ అవతల ఉంటారు కాబట్టి ఆమెదీ అక్కడే అనుకున్నారందరూ. ఆ వేసవంతా కొండ అవతల ఉన్న ప్రతి చర్చికీ నేను బండి నడిపాను. వదిన పుస్తకాల దుమ్ము పీల్చి పీల్చి తుమ్మింది. హానర్ లవెల్‌లు ముగ్గురు దొరికారు. ఒకామె సన్యాసినిగా పోయింది, ఒకామె చిన్నప్పుడే పోయింది, మూడో ఆమెకు వేరే మొగుడున్నాడు. నీకు మీ నాయనమ్మ ఏమీ చెప్పలేదా బాబాయ్ అని వదిన ఫెస్టస్‌ను అడగని రోజు లేదు. నేను అడిగితే కదమ్మా చెప్పేది అనేవాడు ఆయన. అలా అన్న ప్రతిసారీ ఆయన మొహం చిన్నబోయేది.

సెప్టెంబరు చివర్లో ఓ శనివారం నేను జుట్టు ఉంగరాలు తిరిగేందుకు గొట్టం చుట్టలు పెట్టించుకుని వేడిగాలి టోపీ కింద కూర్చున్నాను. ఫెస్టస్ జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చాడు. వదిన గుడ్డ చుట్టింది, తల తడిపింది, కత్తెర ఎత్తింది. ఆయన గోడ మీది క్యాలెండర్ చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు.

“ఇవాళ ఇరవై ఐదా? వద్దమ్మాయ్. ఇవాళ కాదు. సోమవారం వస్తా.”

“ఇవాళకేమొచ్చింది బాబాయ్? తల తడిపేశాను కూడా.”

“ఇవాళ కత్తెర పెట్టకూడదు. మా నాయనమ్మ చంపేసేది. ఈ రోజు ఇంట్లో ఇనుపముక్క ముట్టనిచ్చేది కాదు, కత్తి లేదు, కొడవలి లేదు. రొట్టె కూడా చేత్తో తుంచుకుని తినేవాళ్లం.”

వదిన చేతిలో కత్తెర గాల్లోనే ఆగిపోయింది. మా ఊళ్లో అలాంటి పట్టింపు లేదు. కొండ అవతలా లేదు, వేసవంతా అక్కడే తిరిగాం కదా. ప్రతి ఊరికీ ఓ పునీతుడు, ఆ పునీతుడికో రోజు, ఆ రోజుకు ఆ ఊరి పట్టింపులు ఉంటాయి. పక్క ఊరివాళ్లకు అవి పట్టవు. పెళ్లయి వచ్చిన ఆడమనిషి పెట్టెబేడాతో పాటు పుట్టింటి పునీతుణ్నీ వెంట తెచ్చుకుంటుంది.

“ఈ మాట ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?” అంది వదిన. 

“జుట్టు గురించి నువ్వు అడగలేదుగా. నాయనమ్మ గురించి అడిగావు.”

వదిన నా వైపు తిరిగింది. ఆ కళ్లు చూసి, నాకు ఇక జుట్టు ఆరదని అర్థమైపోయింది. “బ్రీజ్, కిల్‌క్యూనన్ ఫిలోమినా తెలుసుగా? నాలాగే దుకాణం. షాంపూలు కొనేచోట కలుస్తుంది. ఏటా సెప్టెంబరు ఇరవై ఐదున దుకాణం మూస్తుంది. శనివారమొచ్చినా మూస్తుంది. బద్ధకం మనిషనుకున్నాను, నా నోరు పడిపోను. బద్ధకం కాదే అది. లే, తాళాలు తియ్యి.”

కిల్‌క్యూనన్ కొండ అవతల కాదు, అఖాతం అవతల. మా ఒడ్డున నిలబడితే అక్కడి చర్చి కనిపిస్తుంది. పడవలో వెళ్తే దగ్గర, రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవాలి. నేను చుట్టల మీద రుమాలు కట్టుకుని నడిపాను. ఫెస్టస్ తడి తలతో ముందు కూర్చున్నాడు, కుక్క ఆయన కాళ్ల దగ్గర. వదిన వెనక కూర్చుని దారంతా వాగింది. చలికాలంలో ఈ నీళ్ల మీద పడవ వేయలేరు కదా అంది. పురుటికి వెళ్లిన పిల్ల గాలులు తగ్గేదాకా అక్కడే ఉండిపోయి ఉంటుందంది. అందుకే బిడ్డకు పళ్లొచ్చాయంది. ఇక్కడి ఆడవాళ్ల బుర్రలకు ఇంత చిన్న విషయం తట్టలేదా అని వందేళ్ల కిందట పోయినవాళ్లందరినీ తిట్టింది. ఫెస్టస్ మాత్రం కిటికీలోంచి నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

వెళ్లేసరికి ఊరంతా పునీత క్యూనన్ బావి దగ్గరే ఉంది. జపమాలలు పట్టుకుని బావి చుట్టూ తిరుగుతున్నారు. నా తల చూసి కొందరు దారి ఇచ్చారు. అక్కడి గురువు ఫాదర్ గాన్లీ నిదానం మనిషి. పుస్తకాలు చూడొచ్చనీ, అయితే ప్రదక్షిణలు పూర్తి కావాలనీ, అందాకా మమ్మల్నీ తిరగమనీ చెప్పాడు. వదిన కాలుగాలిన పిల్లిలా బావి చుట్టూ తిరిగింది. అంత త్వరగా ఎవరూ ప్రార్థించి ఉండరు. వెనకనుంచి ఓ ముసలామె, “నెమ్మదమ్మా, పునీతుడు ఎక్కడికీ పోడు” అంది.

తిరగడం అయ్యాక జనం గోడ మీద వరసగా కూర్చున్నారు. బుట్టల్లోంచి సోడా రొట్టెలు తీశారు. ఒక్కరి చేతిలోనూ కత్తి లేదు. గుండ్రటి రొట్టెను రొమ్ముకు ఆనించుకుని, దాని మీద గీసిన శిలువ గుర్తు మీద బొటనవేలు పెట్టి, నాలుగు ముక్కలుగా తుంచుతున్నారు. ఫెస్టస్ నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. ఆయన చేయి తనంతట తానే రొమ్ము దాకా లేచింది. పక్కనున్న మనిషి ఏమనుకున్నాడో ఏమో, ఓ ముక్క తుంచి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన తినలేదు, జేబులో పెట్టుకున్నాడు.  వదిన మాత్రం ఫాదర్ చొక్కా పట్టుకోవడం ఒక్కటే తక్కువగా ఆయన్ని చర్చిలోకి తోసుకెళ్లింది.

పూజ వస్తువుల గదిలో బీరువా తీశారు. ముందు పెళ్లి దొరికింది, ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలకు ముందు వారంలో. ఉపవాసాల్లో పెళ్లిళ్లు చేయరు కాబట్టి అప్పట్లో అందరూ ఆ వారంలోనే చేసుకునేవారు. ఫాదర్ ఆ తర్వాతి ఏడాదికి పేజీలు తిప్పాడు. లాటిన్‌లో ఉన్నదాన్ని వేలు పెట్టి మా కోసం మెల్లగా చదివాడు. వెయ్యి ఎనిమిది వందల డెబ్బై ఆరు, ఫిబ్రవరి మూడు. బార్తొలోమియో, అంటే మా బార్ట్లీ. డ్రమ్‌కీల్ కోల్మన్ స్కాహిల్‌కూ, హానర్ లవెల్‌కూ ధర్మబద్ధంగా పుట్టిన కొడుకు.

వదిన కేక వేసింది. చర్చిలో వేయకూడని కేక. బయట బావి దగ్గరి వాళ్లు కూడా తిరిగి చూశారని తర్వాత తెలిసింది. నన్ను కౌగిలించుకుంది, నా చుట్టలు రెండు ఊడి నేల మీద దొర్లాయి. ఫాదర్‌ను కూడా కౌగిలించుకోబోయి చివరి క్షణంలో చేయి కలిపింది. ఇంత గొడవలోనూ ఫెస్టస్ పుస్తకం దగ్గరే నిలబడి ఉన్నాడు.

“ఇంకోసారి చదవండి ఫాదర్,” అన్నాడు. “ఆ ‘పుట్టిన’ అన్న ముక్క దగ్గర్నుంచి.”

ఫాదర్ మళ్లీ చదివాడు. ఫెస్టస్ తడి ఆరిన తల ఊపుతూ విన్నాడు.

కమిటీకి చర్చి కాగితం ఒక్కటే చాలదు, సర్కారు కాగితం కూడా కావాలి. ఊరు తెలిసింది కాబట్టి అది తెప్పించడం ఎంత పని. రెండు వారాల్లో వచ్చింది. నేనే కవరు విప్పాను.  తల్లి, తండ్రి, ఊరు అన్నీ సరిపోయాయి. పుట్టిన తేదీ మాత్రం ఏప్రిల్ తొమ్మిది. జ్ఞానస్నానం ఫిబ్రవరి మూడున. పుట్టడానికి రెండు నెలల ముందు నీళ్లు పోశారన్నమాట. మాలకీ చేతికి ఇంతకంటే మంచి కర్ర ఎవరిస్తారు. వదినకు చూపిస్తే పగలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతున్నావంటే చెప్పలేదు. నేను బతిమాలాను, బెదిరించాను, బండి నడపనన్నాను. పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఆమె జన్మలో దాచిన రహస్యం అదొక్కటే. సమావేశం రోజుదాకా దాచడానికి ఆమె పడ్డ అవస్థ చూసి మా అన్న డాక్టర్‌ను పిలుద్దామా అన్నాడు.

నవంబరు మొదటి వారంలో ఊరి హాల్లో కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు టార్పీ మాస్టారు, బళ్లో మా అందరికీ పాఠాలు చెప్పినాయన. టీ, హామ్ శాండ్‌విచ్‌లు ఉన్నాయి కాబట్టి సమాధులు లేనివాళ్లూ వచ్చారు. మిగతావన్నీ చకచకా అయిపోయి స్కాహిల్ వాళ్ల వంతు వచ్చింది. ఫెస్టస్ ముందు వరసలో టోపీ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. టోపీ అంచును వేళ్లతో తిప్పుతూనే ఉన్నాడు. టార్పీ మాస్టారు రెండు కాగితాలూ చదివారు. తేదీల దగ్గర ఆయన గొంతు నెమ్మదించింది.

మాలకీ లేచాడు. ఎర్రటి మొహం, మంచి కోటు, వెనకాల కొడుకు జార్లత్.

“మాస్టారూ, మీరే చెప్పండి. పుట్టని బిడ్డకు ఎవరైనా జ్ఞానస్నానం చేయిస్తారా? ఇవి ఇద్దరు పిల్లల కాగితాలు. ఒకడు పుట్టి పోయుంటాడు, వాడి చోట ఇంకొకణ్ని తెచ్చి పెట్టుంటారు. మేం ఇన్నాళ్లూ చెబుతున్నది అదేగా. ఫెస్టస్‌ మీద నాకు కోపం లేదు. కానీ స్కాహిల్ సమాధి స్కాహిల్‌కే.”

హాలు గుసగుసలాడింది. అవునుకదా అన్న చూపులు నాకు కనబడుతున్నాయి. ఫెస్టస్ టోపీ తిప్పడం ఆపేశాడు. అప్పుడు వదిన లేచింది. ఆమె నుంచి అంత మెత్తటి గొంతు నేనెప్పుడూ వినలేదు.

“మాలకీ, మీ అమ్మాయి అడిగిందని మీ వంశవృక్షం నేనే గీసిచ్చాను. ఫ్రేము కట్టించి మీ ఇంట్లో గోడకు పెట్టావు. అందులో తేదీలు నీకు సమ్మతమేగా?”

“సమ్మతం కాక. ప్రతి అక్షరం నిజమని నువ్వే అన్నావుగా.”

“మీ నాన్న తేడీకి జ్ఞానస్నానం ఎప్పుడు?”

“మే నెలలో. డెబ్బై తొమ్మిది.”

“పుట్టిందెప్పుడు?”

 ఏళ్ల తరబడి రోజూ ఆ ఫ్రేము కింద కూర్చుని టీ తాగిన మనిషి, ఆ రెండు తేదీలూ పక్కపక్కన ఎప్పుడూ చదవలేదు. వెనకనుంచి జార్లత్ నెమ్మదిగా, “జులై, నాన్నా” అన్నాడు.

“అయితే మీ నాన్న కూడా ఇద్దరన్నమాట,” అంది వదిన. “అందులో నువ్వు ఎవరి కొడుకువో ముందు తేల్చు.”

హాలు ఘొల్లుమంది. వదిన ఇక ఆగలేదు, ఇన్ని వారాలు బిగబట్టిందంతా వరదలా వచ్చింది. బిడ్డ పోతే ఎలాగన్న భయంతో పుట్టిన మర్నాడే చర్చికి ఎత్తుకెళ్లేవాళ్లు మనవాళ్లు. సర్కారుకు చెప్పడానికి మాత్రం ఎవడికి తీరుబాటు? బంగాళాదుంపలు వేయాలి, పొయ్యిలోకి పీటు మట్టిగడ్డలు కొట్టాలి, రిజిస్ట్రారు పది మైళ్ల దూరం. తీరా వెళ్లేసరికి గడువు దాటి జరిమానా పడే రోజులు. అందుకని తండ్రో తాతో కౌంటర్ దగ్గర నిలబడి, మొన్నమొన్ననే పుట్టాడు దొరా అని చెప్పేవాడు. ఎంత ఆలస్యమైతే బిడ్డ అంత చిన్నవాడయ్యేవాడు. దేవుడి దగ్గర నిజం చెప్పి సర్కారు దగ్గర అబద్ధం చెప్పడం మనకు కొత్తా అని అడిగింది. ఇప్పుడే ఇంటికెళ్లి మీ మీ తాతల కాగితాలు చూసుకోండి, సగం మంది పుట్టకముందే క్రైస్తవులైనవాళ్లే అంది.

టార్పీ మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వాళ్లమ్మ జీవితమంతా రెండు పుట్టినరోజులు చేసుకునేదనీ, రెండింటికీ కేకు అడిగేదనీ, ఎందుకో ఈవేళ తెలిసిందనీ చెప్పారు. ఆ తర్వాత కలం తీసి, అందరూ వినేటట్టు పైకి చదువుతూ రాశారు. స్కాహిల్ సమాధి, హక్కుదారు ఫెస్టస్, పెద్దకొడుకు బార్ట్లీ కొడుకు. పెద్దకొడుకు అన్న మాట ఆయన కొంచెం గట్టిగా చదివారు.  జనం వచ్చి ఫెస్టస్ వీపు తడుతుంటే, ఆయన అందరికీ ఒకే మాట చెప్పాడు. “మా నాన్న పెద్దకొడుకు. విన్నారుగా.” మాలకీ శాండ్‌విచ్ ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఆ చలికాలమంతా ఫెస్టస్ ఊళ్లో తల ఎత్తుకుని తిరిగాడు. శ్మశానానికి వెళ్లి తన చోటు చూసుకొచ్చేవాడు, గడ్డి పీకేవాడు. అక్కణ్నుంచి నీళ్ల అవతల కిల్‌క్యూనన్ కనిపిస్తుందని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. చచ్చేందుకు ఇంత ఉషారుగా ఉన్న మనిషిని ఇంకెక్కడా చూడలేదని వదిన నవ్వేది. జుట్టు కత్తిరించినందుకు ఆయన దగ్గర ఇంక ఏమీ తీసుకోనంది.

జనవరి చివర్లో మాలకీ పోయాడు. కొట్టంలో ఆవుకు మేత వేస్తూ పడిపోయాడు, డాక్టర్ వచ్చేలోగానే అయిపోయింది. ఆ సాయంత్రం నేనూ వదినా ఫెస్టస్ ఇంట్లోనే ఉన్నాం, ఆయనకు దగ్గు చేసిందంటే సూప్ తీసుకెళ్లాం. తలుపు చప్పుడైంది. జార్లత్. వానలో తడిసిపోయి, టోపీ చేతిలో పట్టుకుని, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. నలభై ఏళ్లవాడు, చిన్నప్పటినుంచీ ఈ ఇంటి ముందునుంచి పోతూ తల తిప్పుకుని పోయినవాడు.

“పెదనాన్నా,” అన్నాడు. “నాన్న ఎప్పుడూ వాళ్లమ్మానాన్నల దగ్గరే పెట్టాలనేవాడు. ఆ చోటు ఇప్పుడు నీది. అడిగే మొహం నాకు లేదు. అయినా అడగడానికొచ్చాను.”

వదిన సూప్ గిన్నె బల్లమీద పెట్టిన చప్పుడుకు కుక్క లేచి కూర్చుంది. ఫెస్టస్ అతన్ని లోపలికి రమ్మన్నాడు, పొయ్యి దగ్గర కుర్చీ చూపించాడు. తవ్వేవాళ్లకు పొద్దున్నే కబురు పెట్టమన్నాడు. తను కూడా వస్తాననీ, పెట్టె మోయడానికి ఒంట్లో శక్తి లేదు గానీ పక్కన నడుస్తాననీ చెప్పాడు.

జార్లత్ వెళ్లాక వదిన పేలిపోయింది. నాకు కూడా కోపమే, కానీ ఆమె ముందు నాది ఏపాటి. ఒక వేసవంతా దుమ్ము తిన్నానంది, బావి చుట్టూ తిరిగానంది, నోరు మూసుకున్నానంది, అది నాకు ఎంత కష్టమో నీకు తెలుసా బాబాయ్ అంది. నువ్వు ఆ వంశంలో పుట్టినవాడివే కాదన్న మనిషికి నీ చోటు ఇచ్చేస్తావా అని అడుగుతూ ఏడ్చేసింది.

ఫెస్టస్ సూప్ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

“మా నాన్న పోయినప్పుడు నేనూ ఇలాగే వాళ్ల గుమ్మంలో నిలబడ్డానమ్మాయ్. తలుపు తీయలేదు. ఇవాళ వాళ్లబ్బాయి వచ్చి నన్ను అడిగాడు. నాది కానిదైతే నన్ను అడుగుతాడా? నాది కానిది నేను ఇవ్వగలనా? నువ్వు తెచ్చిపెట్టావు కాబట్టేగా ఇచ్చాను.”

“మరి నువ్వెక్కడికి పోతావ్?”

“రోడ్డు పక్కకి,” అన్నాడు. “మా నాన్న అక్కడ నలభై మూడేళ్లుగా ఒక్కడే ఉన్నాడు. పెద్దకొడుకువే నాన్నా అని చెప్పాలిగా, ఇంకెవరు చెబుతారు.”